హాడన్‌ఫీల్డ్ అనే లేని ఊరు

లాస్ ఏంజిలిస్‌లో మెట్రో ఏ లైను రైలెక్కి పాసడీనా వైపు వస్తుంటే, దారిలో సౌత్ పాసడీనా అనే చిన్న ఊరు తగులుతుంది. స్టేషనులో దిగగానే మిషన్ స్ట్రీటు. చిన్న చిన్న దుకాణాలు, పాతకాలపు ఇటుక కట్టడాలు, వెనక వీధుల్లో పెద్ద చెట్లు, పచ్చగడ్డి వాకిళ్ళు. పూర్వం మన జిల్లా కేంద్రాల్లో వకీళ్ళ పేటలుండేవి చూడండి, అలాగే తొందర లేని ఊరు.

పట్టాల పక్కనే ఒక రెండంతస్తుల చెక్క ఇల్లుంది. మా మనవరాలు దాని ముందు ఆగి, "తాతయ్యా, హంతకుడి ఇల్లు ఇదే!" అంది.

మా శ్రీమతి చటుక్కున రెండడుగులు వెనక్కి వేసింది. నేను ధైర్యస్థుడిలా ముందుకు వెళ్ళి చూశాను. శుభ్రమైన కిటికీలు, నిటారైన స్తంభాలు. పెళ్ళివారికి విడిదిగా ఇచ్చినా వంక పెట్టడానికి లేదు.

హంతకుడు నిజం మనిషి కాడు లెండి. 1978లో జాన్ కార్పెంటర్ తీసిన 'హాలోవీన్' సినిమాలో పాత్ర. పేరు మైకేల్ మైయర్స్. ఆరేళ్ళ ప్రాయంలో సొంత అక్కను పొడిచి చంపినవాడు, పదిహేనేళ్ళ తర్వాత ఆసుపత్రి నుంచి తప్పించుకుంటాడు. పిల్లలు వేషాలు కట్టి మిఠాయిల కోసం ఇల్లిల్లూ తిరిగే అక్టోబరు 31 పండుగనాడు తన ఊరు చేరతాడు. ఆ ఊరు ఇల్లినాయ్ రాష్ట్రంలోని హాడన్‌ఫీల్డ్ అని కథలో చెబుతారు. ఇల్లినాయ్‌లో అలాంటి ఊరు లేనేలేదు. కథా రచనలో పాలుపంచుకున్న నిర్మాత డెబ్రా హిల్ సొంత ఊరు న్యూజెర్సీలోని హాడన్‌ఫీల్డ్. పేరు అక్కడిది, పగటి వీధులు సౌత్ పాసడీనావి, రాత్రి ఘోరాలు జరిగే ఇళ్ళు హాలీవుడ్‌లోని ఆరెంజ్ గ్రోవ్ అవెన్యూవి.

చేతిలో ఉన్న డబ్బు సుమారు 3 లక్షల డాలర్లు. కథ ఆకురాలు కాలంలో జరగాలి, చిత్రం తీసింది వసంతంలో. అందుకని ఆకులకు రంగులు వేసి వీధిలో చల్లడం, షాటు కాగానే ఏరి సంచుల్లోకి ఎత్తుకోవడం! అంత జాగ్రత్తపడ్డా, ఇల్లినాయ్‌లో ఉండకూడని కాలిఫోర్నియా తాటిచెట్లు అక్కడక్కడ తెరమీద తొంగిచూస్తాయి. హంతకుడి ముసుగు రెండు డాలర్లయినా చెయ్యని రబ్బరు తొడుగు. 'స్టార్ ట్రెక్' కెప్టెన్ కిర్క్ ముఖానికి తెల్లరంగు పూశారంతే.

ఈ ఇల్లు అప్పట్లో నిజంగానే పాడుబడి ఉంది. మొదట ఆ పాడుకొంపనే చిత్రించి, చివర్లో రంగులు వేసి సామాను సర్ది, 1963లో జరిగే తొలి ఘట్టం తీశారు. తెరమీద నిండు ఇల్లు పాడుబడింది. నిజంలో పాడు ఇల్లు నిండుదనం తెచ్చుకుంది. 1987లో కూల్చబోతే, ఎత్తి తెచ్చి ఈ మూలన నిలిపారు. తర్వాత ఇందులో ఆఫీసులు వెలిశాయి.

అక్కడి నుంచి మాంట్రోజ్ అవెన్యూకు నడిచాం. పట్టపగలు ఒక ఆకుకంచె పక్కన హంతకుడు కనబడి మాయమయ్యేది ఈ వీధిలోనే. శ్మశానం కాదు, మర్రిచెట్టు కాదు, మనవంటి సంసారులు కాపురముండే ఎండ కాస్తున్న వీధి. ఆ సినిమా బలమంతా అక్కడే ఉంది.

ఆ తర్వాత వరసగా ఎన్నో భాగాలొచ్చాయి. ఒక దాంట్లో హంతకుడు నాయికకు అన్న అయ్యాడు. చుట్టరికాలు పెరిగినకొద్దీ భయం తగ్గింది. 2018లో డేవిడ్ గోర్డన్ గ్రీన్ మధ్య భాగాలన్నీ పక్కనపెట్టి, తొలి చిత్రానికే నేరుగా కొనసాగింపు తీశాడు. పేరు కూడా మళ్ళీ 'హాలోవీన్' అనే. ఈసారి హాడన్‌ఫీల్డ్ దేశం అవతలి కొసన, దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో వెలిసింది. అమెరికాలో తొలి మూడు రోజుల వసూళ్ళే సుమారు 7 కోట్ల 60 లక్షల డాలర్లు. ఊరు మారినా జనం వచ్చారంటే, కారణం లోరీ స్ట్రోడ్. తొలి చిత్రం తీసినప్పుడు 19 ఏళ్ళ పిల్ల అయిన జేమీ లీ కర్టిస్, 59 ఏళ్ళ వయసులో అదే పాత్రలో అమ్మమ్మగా వచ్చింది.

ఆ లోరీ నలభై ఏళ్ళుగా అడవి పక్కన ఇంటికి ఇనుప తలుపులు బిగించుకుని తుపాకులతో కూర్చుంది. కూతురికి బొమ్మలకు బదులు తుపాకి పేల్చడం నేర్పింది. చివరకు ఆ పిల్లకు పన్నెండేళ్ళప్పుడు ప్రభుత్వం వారు తల్లి నుంచి తీసుకుపోయారు. హంతకుడు రానే వచ్చాడు. అమ్మమ్మ, తల్లి, మనవరాలు ముగ్గురూ కలిసి వాణ్ణి నేలమాళిగలో బంధించారు. తల్లి భయం నిజమే. కాని దానికి కూతురు బాల్యాన్ని ధర పోసింది.

ముందురోజు రాత్రి మా ఆడవాళ్ళు మూడు తరాలవారూ ఈ సినిమా కలిసే చూశారు. శ్రీమతి కొంగు సందులోంచి చూసింది. మా ఇంట్లోనూ ఒక పేచీ నడుస్తోంది మరి. మనవరాలికి ఇల్లినాయ్‌లో కాలేజీ సీటు వచ్చింది. రెండు వేల మైళ్ళ దూరం ఒక్కతీ ఎలా ఉంటుందని మా అమ్మాయి నెలరోజులుగా కాగితాల మీద సంతకం పెట్టడం లేదు.

ఆ ఆకుకంచె దగ్గర మనవరాలు నవ్వుతూ అంది: "అమ్మా, హాడన్‌ఫీల్డ్ ఇల్లినాయ్‌లో లేదు. ఇక్కడే, మనింటి పక్కనే ఉంది. ఇక్కడే కదా నన్ను పెంచావు!"

మా అమ్మాయి జవాబు చెప్పలేదు. తల్లివైపు తిరిగి, "నేను అమెరికా వచ్చిన రోజు నుంచి నువ్వు ఫోనులో మొదట అడిగేది గడియ వేశావా అనే కదమ్మా" అంది, నిష్ఠూరంగా కాదు, ఏదో లెక్క చూసుకుంటున్నట్టు.

శ్రీమతి కాసేపు ఆ వీధి చివరి దాకా చూసింది. అక్కడ ఎవరో పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు.

"నాకు మా అమ్మ నేర్పింది, నీకు నేను నేర్పాను. ఇంతటితో చాలు. దాన్ని వెళ్ళనీ అమ్మడూ. రాత్రిపూట ఫోను చెయ్యి. గడియ సంగతి అడక్కు, అన్నం తిన్నావా అని అడుగు" అంది.