రెండు రూపాయల వడ్డీ, పన్నెండు వేల జీతం

పెళ్లిళ్లలో మా చిన్న మామయ్య ఇప్పటికీ నన్ను పిలిచి కొత్త చుట్టాలకు చూపిస్తాడు. "మా మేనకోడలు, బీఎస్సీ నర్సింగ్. డబ్బంతా మనమే సర్దాం." సర్దిన మాట నిజమే. ఎంతకు సర్దాడని మాత్రం ఎవరూ అడగరు. అందుకే నేను రాస్తున్నాను.

2012లో గుంటూరు జిల్లాలోని ఒక ప్రైవేటు కాలేజీలో సీటొచ్చింది. ఫీజు, హాస్టలు, మెస్సు, యూనిఫారాలు, క్లినికల్స్‌కు తిప్పే బస్సు అన్నీ కలిపి ఏడాదికి 60,000. నాన్నది మిర్చి సేద్యం. ఆదాయ సర్టిఫికెట్‌లో లక్ష దాటడంతో ఫీజు రీయింబర్స్‌మెంట్ పోయింది. నాన్న బ్యాంకుకు వెళ్దామన్నాడు. మామయ్య అడ్డుపడ్డాడు. "బ్యాంకోళ్లు ఆర్నెల్లు తిప్పుతారు బావా, ఈలోగా సీటు పోద్ది. నా స్నేహితుడొకడు రెండు రూపాయలకిస్తాడు. పిల్ల నర్సైతే నెలకు పాతికవేలు. రెండేళ్లలో తీరిపోద్ది."

అలా ఏటా జూన్‌లో ఒక ప్రోనోటు చొప్పున నాలుగు నోట్లు రాశాం. అసలు 2,40,000. నెలకు నూటికి రెండు రూపాయల చొప్పున ఒక్కో నోటు మీద ఏడాదికి వడ్డీ 14,400. మొదటి నోటుకు నాలుగేళ్లు, రెండోదానికి మూడు, తర్వాత రెండు, ఒకటి, మొత్తం పదేళ్ల వడ్డీ. చదువు పూర్తయ్యేసరికి 1,44,000 అవుతుందని నాన్న క్యాలెండరు వెనక వేసుకున్న లెక్క. కానీ మూడేళ్లకు నోటుకు కాలదోషం పడుతుంది, తిరగరాయాలి. తిరగరాసేటప్పుడు వడ్డీ కాస్తా అసలైపోతుంది. 2015 జూన్‌లో మొదటి 60,000 నోటు 1,03,200 అయింది. ఆ ఒక్క ఏడాదికే దాని వడ్డీ 14,400 నుంచి 24,768కి ఎగబాకింది. 2016 జూన్ నాటికి నాలుగు నోట్ల బాకీ వరసగా 1,27,968, 1,03,200, 88,800, 74,400. వెరసి 3,94,368. అప్పటికి నేనింకా ఒక్క నెల జీతం కూడా చూడలేదు.

ఆ రోజుల్లోనే బ్యాంకులో ఏముందో చెప్తాను. నాలుగు లక్షల లోపు విద్యా రుణానికి తాకట్టు అక్కర్లేదు, మార్జిన్ డబ్బు అక్కర్లేదు. కుటుంబ ఆదాయం ఏటా నాలుగున్నర లక్షల లోపుంటే కోర్సు నడిచినన్నాళ్లు, ఆపైన ఏడాది వరకు (ఉద్యోగం ముందే దొరికితే ఆర్నెల్ల వరకు) వడ్డీ కేంద్రమే కట్టే పథకం 2009 నుంచే ఉంది. అంటే చదువు అయ్యేనాటికి నా బాకీ 2,40,000, పైసా ఎక్కువ కాదు. పన్నెండు శాతం వేసుకుని ఐదేళ్ల ఈఎంఐ కడితే నెలకు 5,339, మొత్తం 3,20,340. ఐదేళ్లు వడ్డీతో సహా బ్యాంకుకు కట్టేదానికంటే, నా ఉద్యోగం మొదలు కాకముందే నోట్ల మీద నేను పడ్డ బాకీ 74,000 ఎక్కువ. ఈ తేడా వేసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పటికీ నైట్ డ్యూటీలో వార్డు సద్దుమణిగాక ఆ అంకెలు వాటంతటవే కూడుకుంటాయి.

పాతికవేల జీతం సంగతి. 2016లో విజయవాడలో 200 పడకలు దాటిన ఆసుపత్రిలో చేరితే చేతికిచ్చింది 12,000. అదే ఏడాది సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల్లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా నర్సుకు 20,000కు తగ్గకూడదనీ, 200 దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ సిఫార్సు చేసింది. ఆ వార్త పేపర్లో చదివి డ్యూటీకి వెళ్లాం. తిరగరాసిన రెండు నోట్లకు 2,064 చొప్పున, మిగతా రెంటికి 1,200 చొప్పున నెలకు వడ్డీ 6,528. మిగిలిన 5,472లో హాస్టలు, తిండి, బస్సు. బియ్యం ఇంటి నుంచే వచ్చేవి.

రెండేళ్లు వడ్డీ కట్టినా అసలు కదల్లేదు. 2018లో అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి నోట్లన్నీ చింపించాం. నూటికి రెండు రూపాయల వడ్డీ ఎనభై పైసలకు దిగింది. ఆ మరుసటేడు అత్తయ్య మాటల్లో నోరు జారింది. ఆ స్నేహితుడు తిప్పిన డబ్బులో మామయ్య సొమ్ము కూడా ఉందట.

నర్సింగ్‌లో ఒక సౌకర్యం ఉంది. మొదటి జీతమెంతో కాలేజీలో చేరకముందే తెలుస్తుంది, సీనియర్లను అడిగితే చాలు. లెక్క అక్కణ్నుంచి వెనక్కి వేయాలి. పన్నెండు వేలలో బతుకు గడిచాక నాలుగువేలు మిగులుతాయనుకుంటే, పన్నెండు శాతానికి ఐదేళ్లలో తీర్చగల అప్పు 1,80,000 మాత్రమే. నా 2,40,000కైతే బ్యాంకులో ఏడేళ్ల గడువు పెట్టుకున్నా నెలకు 4,237, అదీ నాలుగువేలు దాటుతుంది. ప్రభుత్వ కాలేజీ సీటు, ప్రభుత్వ జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) సీటు, మిలిటరీ నర్సింగ్ లాంటి దారులూ ఉన్నాయి, దొరికినవాళ్లకు అప్పు బాధే ఉండదు. మగపిల్లాడి ఇంజనీరింగ్‌కు పది బ్యాంకులు తిరిగే ఇళ్లలో ఆడపిల్ల చదువుకు మాత్రం మొదట దొరికిన డబ్బే మంచి డబ్బు.

2021లో మామయ్య తన కూతురి కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "విద్యాలక్ష్మి పోర్టల్‌లో లోనుకు ఎలా పెట్టాలమ్మా?" నేనే పెట్టాను. కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపుందో లేదో చూశాను, అది లేకపోతే వడ్డీ రాయితీ ఫైలు కదలదు. లోను సీటుకంటే ఆలస్యంగా వచ్చిన మాట నిజం, మొదటి ఫీజు చేబదులు తేవాల్సొచ్చింది. "మీ రెండు రూపాయల స్నేహితుడు లేడా మామయ్యా?" అన్నాను. "ఇప్పుడు బ్యాంకులు మారాయమ్మా" అన్నాడు. మారలేదు. అత్తయ్య మాత్రం గట్టిగా నవ్వింది. నాకు చాలా హాయిగా అనిపించింది, దాచుకోను.

ఆ పిల్ల కోర్సు పూర్తి చేసి ఇప్పుడు జర్మనీ అంటోంది. మామయ్యకు ఒక ఏజెంటు తెలుసట, సర్వీసు చార్జీ 3,50,000. విదేశీ ఉద్యోగానికి లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగేది 30,000, ఆపైన జీఎస్టీ. "వదినా, ఏం చేయను?" అని ఫోన్ చేసింది. ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవడానికి లైసెన్సు నంబరు, తీసుకునే మొత్తానికి రసీదు ఇమ్మని అడగమన్నాను. అడిగింది. ఏజెంటు అప్పట్నుంచి ఫోన్ ఎత్తడం లేదు.