పడవకు తోడుపడవ

చిన్న తెరచాప పడవ గలవారికి అంతకంటె చిన్నదగు మఱియొక పడవ యేల యని మా తరగతిలో నొకరు నన్నడిగిరి. అమరావతి యొద్ద కృష్ణను చూచినవారు ఈ ప్రశ్న యడుగరు. అచట నీరు విస్తారమే కాని లోతు సమము కాదు. లంకల చుట్టును ఇసుకతిన్నెలు జానెడు నీటి క్రింద దాగియుండును. మా పెదనాయనగారి పడవ ఒడ్డునకు 40 గజముల దూరముననే లంగరు వేసికొని నిలిచిపోవును. తక్కిన దూరము దాటించునదే తోడుపడవ. సముద్రయాత్రికులు దీనిని డింగీ యందురు. ఆ మాట మన దేశభాషలనుండియే ఇంగ్లీషులోనికి పోయినది.

మాకు దీనియందు పట్టుదల కలుగుటకు కారణము మా నాయనమ్మ. ఆమెకు ఈత రాదు. లంకలోని మిరపతోట చూడక విడువదు. 2017 నవంబరు 12వ తేదీన ఇబ్రహీంపట్నము వద్ద ఈ నదియందే విహారపు పడవ మునిగి 20 మందికి పైగా మరణించిరి. అది మొదలు మా యింట పడవమాట యెత్తినప్పుడెల్ల అందఱును గంభీరులగుదురు.

పెదనాయనగారు బల్లల పడవ కొందమనిరి. అది ముక్కు గలది గావున మోకుకట్టి లాగిన తిన్నగా వచ్చును, తెడ్లకు లోబడును. కాని బరువు. పెద్దపడవ నిలిచినను తాను నిలువక వచ్చి దాని వెన్ను గ్రుద్దును. తాటిదోనె చవుక, అందు నిలుచుట నేర్చినవానికే చెల్లును. రెండు దోనెలు జతచేసి సంగడి కట్టిన పొర్లదు గాని, దానిని పెద్దపడవపై కెక్కించుట కల్ల.

ఇక పుట్టి. వెదురుబద్దలతో నల్లి, పూర్వము తోలు కప్పెడివారు. ఇప్పుడు టార్పాలిను కప్పి తారు పూయుదురు. 6 అడుగుల అడ్డుకొలత గల పుట్టి 4 అంగుళములు మునిగిన 9 ఘనపుటడుగులకు పైగా నీరు తొలగును. ఆర్కిమిడీసు సూత్రము చదివినవారు లెక్క చూచుకొనవచ్చును. అది 260 కిలోలకు మించును. అడుగు అంచులు గుండ్రన గావున కొంత తగ్గించినను నలుగురికి చాలును. ఒక్కడే వీపున మోసికొని పోగలడు. అయితే దానికి ముక్కు లేదు, వెన్ను లేదు; తెడ్డు వేసిన గిరగిర తిరుగును, గాలికి ఎండుటాకువలె జారిపోవును.

మూడింటిని పల్లెకారులయొద్ద ఎరవు తెచ్చి మోకాటిలోతు నీటిలో పరీక్షించితిమి. నాయనమ్మ బరువునకు సరిగా ఇసుక బస్తా నింపి, నడుమ గాక అంచున పెట్టితిమి. ఏలయన, పెద్దపడవనుండి దిగువాడు మొదట కాలు మోపునది అంచుననే. దోనె వెంటనే బోర్లపడెను. బల్లల పడవ ఆఱంగుళములు వంగెను. పుట్టి మూడంగుళములు మాత్రమే వంగి నిలిచెను. వెడల్పే నిలుకడ!

పుట్టినే కొంటిమి. గిరగిర తిరుగుడునకు పల్లెకారులే ఉపాయము చెప్పిరి. ఈతగాడొకడు ముందుగా పోయి మోకుకొనను ఒడ్డున గుంజకు కట్టును. పుట్టిలోనివారు మోకు పట్టి చేతులతో లాగుకొందురు. 40 గజములకు తెడ్డే అక్కఱలేదు. గాలి గట్టిగా వీచునాడు పయనమే లేదు. నాయనమ్మ చీరపై ఈతచొక్కా తొడుగుకొనుటకు మొదట ఎంతమాత్రము నొప్పుకొనలేదు. చొక్కా ముడి వేసికొనినగాని పెదనాయనగారు లంగరు తీయరని తెలిసి, గొణుగుకొనుచు తొడిగినది. తిరిగి వచ్చునపుడు పుట్టిలో ఆమె ప్రక్కన ఒక గోనెసంచి పండుమిరపకాయలు గూడ కూర్చుండి వచ్చినవి.