పట్టాలకు పట్టు

జూన్ 8, 2025, విశాఖ

ప్లైవుడ్ మీద కార్క్ అంటించడం అయింది. ఇక పట్టాలు. చేస్తున్నది కొత్తవలస–కిరండూల్ లైనులో శిమిలిగుడ దగ్గరి వంపుకు నమూనా. 996 మీటర్ల ఎత్తున, ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అది. హెచ్‌ఓ కొలతలో, అంటే 87లో ఒక వంతులో, మన 1676 మి.మీ. గేజ్ 19 మి.మీ. దాటాలి. దొరికే పట్టాలు 16.5. దాంతో సర్దుకోవచ్చు గానీ వంపు మాత్రం కంటికి నచ్చేదాకా ఎత్తి మళ్లీ పరవాల్సిందే.

అందుకే కార్పెంటరు "ఇది రాస్తే జన్మలో ఊడదు సార్" అని రబ్బరు జిగురు చూపిస్తే వద్దన్నాను. నాకు కావలసింది ఊడదీయగలిగే పట్టు. పైగా ఆ జిగురులోని ద్రావకం థర్మోకోల్‌ని తినేస్తుంది. చిన్న ముక్క మీద చుక్క వేసి చూశాం. చూస్తుండగానే అంచులు ముడుచుకుని గుంట పడింది. మన కొండలన్నీ థర్మోకోలే.

జూన్ 11

పట్టాల కింద అక్రిలిక్ సీలెంటే ఖాయం. అట్టముక్కతో పలచగా, కార్క్ రంగు కనిపించేంత పలచగా లాగాలి. ఆరాక కూడా కాస్త సాగుతుంది. పుట్టీ బ్లేడు దూరిస్తే పట్టా చెక్కుచెదరకుండా లేస్తుంది. వెనిగర్ వాసన వేసే సిలికాన్ వద్దేవద్దు: దాని ఆవిరి రాగి తీగలకు చేటు, దాని మీద రంగూ నిలవదు.

జూన్ 15

కంకర రోజు. రైల్వే కంకర పెద్దరాయి 65 మి.మీ. అనుకుంటే, మనకు ముప్పావు మి.మీ. క్వారీ పొడిని జల్లించి, బ్రష్‌తో స్లీపర్ల మధ్య సర్ది, ముందు స్పిరిట్ పిచికారీ చేశాను. ఇది లేకపోతే జిగురు చుక్క పైనే ముత్యంలా నిలబడి, దొర్లి, కంకరను చెదరగొడుతుంది. ఒక వంతు ఫెవికాల్, మూడు వంతుల నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. డ్రాపర్‌తో స్లీపరు పక్కన వదిలితే తెల్లటి చెమ్మ రాయి నుంచి రాయికి పాకి లోపలికి ఇంకింది. ఎంత చూసినా తనివి తీరదు! పాయింట్ల కదిలే బ్లేడ్ల దగ్గర మాత్రం చుక్క కూడా పడనివ్వలేదు.

జూన్ 18

ఈ ఉక్కలో ఇంకా అడుగు తడే. ఆరితే తెలుపు పోతుంది. గట్టిపడ్డ కంకర చక్రాల చప్పుడును చెక్కకు చేరవేస్తుంది, అది ఒప్పుకోవలసిందే. కానీ తడిపితే మళ్లీ మెత్తబడే గుణం ఈ జిగురుదే. ప్లైవుడ్ అతుకు మీద కంకర పొయ్యలేదు; వానాకాలంలో అక్కడ చెక్క ఉబ్బుతుంది. నవంబరులో చూద్దాం.