రెండో గోలీకి మార్కులు

ఈ చలిదేశానికి వచ్చాక మన ఇళ్ళలో క్రికెట్ పక్కన హాకీ కూడా వచ్చి కూర్చుంది. మా అమ్మాయి వాళ్ళ జట్టులో రెండో గోలీ. అంటే బెంచీ చివర కూర్చుని, ఆడేవాళ్ళకు తలుపు తీసి వేయడం ఆవిడగారి ప్రధాన విధి. ఈ శీతకాలం మొదటి గోలీకి మణికట్టు బెణకడంతో నాలుగు ఆటలు మా పిల్ల వంతుకొచ్చాయి. రెండు గెలిచారు, రెండు ఓడారు. ఆ నెలంతా మిత్రుల ఇళ్ళలో మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒకటే: "ఎలా ఆడుతోందండీ మీ అమ్మాయి?"

జవాబు అంత సులువు కాదు. వచ్చిన షాట్లలో ఎన్ని ఆపారన్నదే గోలీలకు ముఖ్యమైన లెక్క. నేషనల్ హాకీ లీగ్‌లో నూటికి తొంభై ఆపితే ఫరవాలేదంటారు. అయితే ఆ లెక్క నిలకడగా తేలాలంటే చాలా షాట్లు కావాలి.

2020 ఫిబ్రవరి 22న టొరాంటోలో కరోలీనా జట్టు గోలీలిద్దరూ ఒకే ఆటలో దెబ్బతిన్నారు. అప్పుడు దింపింది 42 ఏళ్ళ డేవిడ్ ఏయర్స్‌ని. మంచు నునుపుచేసే బండి నడిపినవాడు, 2004లో తల్లి ఇచ్చిన కిడ్నీతో బతికినవాడు. మొదటి రెండు షాట్లూ గోలయ్యాయి. తరువాతి ఎనిమిదీ ఆపాడు. కరోలీనా 6-3తో గెలిచింది. నూటికి 80 అంటే మన బళ్ళో ఫస్టుక్లాసు, హాకీలో తప్పినట్టే! ఆపైన, అతని ముందున్నవాళ్ళు నడుంకట్టి ఎదుటివాళ్ళకు ఎక్కువ షాట్లు దొరకనివ్వలేదు. ఇక గెలుపులో ఎవరి వాటా ఎంతని పంచుతాం?

దీనికి తిరగేసిన కథ ఆండ్రూ హామండ్‌ది. 2015లో ఒట్టావా గోలీలిద్దరూ గాయపడితే వచ్చి, 20 ఆటలు గెలిపించాడు. నూటికి 94 పైగా ఆపాడు. ఊరు నెత్తిన పెట్టుకుంది. ప్లేఆఫ్స్‌లో మొదటి రెండు ఆటలూ ఓడేసరికి పాత గోలీని మళ్ళీ నిలబెట్టారు. తరువాత అతను ఆ స్థాయిని అందుకోలేదు. అన్ని ఆటలు చూసినా మనిషి పూర్తిగా అంతుపట్టలేదన్నమాట.

అందుకని మేము అంకెలు పక్కనబెట్టి మూడు సంగతులు చూడడం మొదలుపెట్టాం. షాట్ ఎక్కడినుంచి వచ్చింది? ఆపిన పక్ ఎదుటివాళ్ళ కర్ర ముందు పడిందా, మూలకు పోయిందా? గోలు పడ్డాక తరువాతి షాట్‌కు ఎలా నిలబడింది? నాలుగో ఆటలో మా అమ్మాయికి ఐదు గోళ్ళు పడ్డాయి. అందులో మూడు, ఇద్దరేసి మీదకొస్తుంటే అడ్డం మనవాళ్ళెవరూ లేనప్పుడు. "అసలు గోలీ ఉంటేనా!" అన్నారు వెనక వరసలోంచి ఒకరు. ఐదో గోలు తరువాత పిల్ల గోలుకంబాలను కర్రతో తట్టి, మళ్ళీ మోకాళ్ళు వంచి నిలబడింది. ఆ పైన ఒక్కటీ పోనివ్వలేదు.

మనలో చాలామంది ఈ దేశంలో మొదటి ఉద్యోగం ఇంకొకరి సెలవులో, ఇంకొకరి కుర్చీలో కూర్చుని చేసినవాళ్ళమే. ఆ కుర్చీ సొంతదారుతో పోల్చి మనకు మార్కులేస్తే ఎలా ఉంటుందో మనకు ఎరుకే.

మొదటి గోలీకి మణికట్టు నయమైంది. మా అమ్మాయి మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళింది. "నేను బాగా ఆడానా?" అని కారులో అడిగింది. "నాలుగు ఆటలతో ఎవరూ తేల్చలేరమ్మా. కాని ఐదో గోలు తరువాత నువ్వు నిలబడ్డ తీరు మేమిద్దరం చూశాం" అన్నాం. కాసేపు కిటికీలోంచి చూసి, వచ్చేవారం ప్రాక్టీసు ఎన్నింటికని అడిగింది.