పేరు తప్పితే కూలి తప్పినట్టే

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. తొలి విడత 200 జిల్లాల్లో మా కరీంనగర్, గోదావరి అవతలి ఆదిలాబాద్ రెండూ ఉన్నాయి. మండలాల్లో కంప్యూటర్ ఆపరేటర్లను తీసుకుంటున్నారని తెలిసింది. పీజీడీసీఏ చేసి, టవర్ సర్కిల్ దగ్గర డీటీపీ సెంటర్‌లో పెళ్లి పత్రికలు కొడుతున్న నాకు ఉట్నూరు వైపు ఒక మండలంలో పని దొరికింది. "గంత దూరమా బిడ్డా?" అన్నది అమ్మ. ధర్మపురి, రాయపట్నం వంతెన, లక్సెట్టిపేట, జన్నారం దాటి బస్సు అడవిలోకి పోతుంటే నాకూ బెంగగానే ఉండింది.

ఎంపీడీవో ఆఫీసులో ఒక చిన్న గది ఇచ్చారు. ఫీల్డ్ అసిస్టెంట్లు చేత్తో రాసిన మస్టర్లు, టెక్నికల్ అసిస్టెంట్ కొలతల పుస్తకం తెచ్చేవారు. హాజరు, కొలతలు ఎక్కిస్తే ఎవరికెంత పడుతుందో తేలేది. అప్పటి కూలి రేటు రోజుకు 80 రూపాయలు. తవ్విన మట్టి కొలతను బట్టి అది తగ్గేది, పెరిగేది. పే ఆర్డర్ ప్రింటు తీసి, సంతకాలయ్యాక పోస్టాఫీసుకు పంపేవాళ్లం. పగలు కరెంటు పోతే రాత్రి కూర్చునేవాణ్ని.

అన్నిటికంటే కష్టం పేర్లతోనే. ఆత్రం, మడావి, కుమ్ర, సిడాం ఇంటిపేర్లే ఎక్కువ. ఒక్క గూడెంలోనే ఒకే పేరున్న ఆడవాళ్లు ముగ్గురు నలుగురు. భర్త పేరు, జాబ్‌కార్డు నంబరు చూడనిదే ఎవరెవరో తేలదు. జాబ్‌కార్డులో ఒక తీరుగా, పాస్‌బుక్కులో ఇంకో తీరుగా పేరుంటే కూలి ఆగిపోయేది.

ఒకరోజు ఒక గోండు పెద్దమ్మ పాస్‌బుక్కు పట్టుకొని వచ్చింది. "చెరువు పని చేసిన సారూ, పైసలు రాలే" అన్నది. కుర్చీ వేసి పక్కన కూర్చోబెట్టుకున్నాను. వెతికితే ఆమె కూలి మంజూరై ఉంది. పేరులోనే తేడా. ఉత్తరం తయారుచేసి సంతకం చేయించాను. లేవబోతూ తెర వైపు చూపించి, "నా పేరు జెర సదువు" అన్నది. చదివాను. "అట్ల కాదు" అంటూ సరిగా పలికి వినిపించింది. అది రెండు కాగితాల్లోనూ లేని పేరు! అప్పుడే అన్నీ దిద్దించాం, తర్వాత ఆమెకు కూలి అందింది.

చదువురాని మనిషి తన కాగితాన్ని తనే సరిచూసుకోగలదని ఆ పెద్దమ్మ దగ్గరే నేర్చుకున్నాను. తర్వాత వచ్చిన ఆపరేటర్లకు అందుకే మొదట ఈ మాటే చెప్పాను: కొట్టిన పేరు ఆ మనిషికి చదివి వినిపించు, ఔనన్నాకే సేవ్ చెయ్యి.