మామగారి మంగలికత్తి

మంగలికత్తిని గూర్చి ఆడుది వ్రాయుటయా యని సోదరీమణులు నవ్వుకొందురేమో. మూడేండ్ల క్రిందట నైనచో నేనును నవ్వియుందును. చిన్ననాట మా నాయనగారు నన్ను వీథియరుగుమీద కూర్చుండబెట్టుకొని కావ్యములును, కొంత ఉపనిషత్తును చెప్పిరి. కఠోపనిషత్తులో ఋషి తాను చెప్పు త్రోవను కత్తివాదరతో పోల్చిన చోటు నాకు పాఠమైనదే కాని, ఆ వాదర యెట్లుండునో నేను దగ్గరనుండి చూచి యెరుగను.

మా కాపురము మంచిర్యాలలో. మావారు ఉపాధ్యాయులు. తెల్లవారగనే రైలెక్కి బెల్లంపల్లి వైపు పోయి చీకటివేళకు ఇల్లు చేరుదురు. ఆయనకు పాత మంగలికత్తులను కూర్చు వ్యసనము పట్టుకొన్నది. (వ్యసనమను మాట నాది, ఆయన అభిరుచి యందురు.) ఈ యూరి పాతయినుము దుకాణములలోను, సెలవులకు హైదరాబాదు పోయినప్పుడు జుమ్మెరాత్ బజారులోను వెదకి తెచ్చిన కత్తులు పదునొకండు మా బీరువాలో నా పట్టుచీరల క్రింది యరలో నున్నవి. కొన్నిటిపై ఇంగ్లండులోని షెఫీల్డు ముద్ర, కొన్నిటిపై జర్మనీలోని సోలింగెన్ ముద్ర. "తుప్పు కొనుటకు కూడ డబ్బులా?" యని నేను సణుగుచుంటిని. ఒక దుకాణదారు ఏనుగుదంతపు పిడియని చెప్పి యొకదానిని చూపగా మాత్రము మావారు ముట్టక వచ్చిరట. దంతపు వ్యాపారము మన దేశమున నిషిద్ధము గదా.

నా సణుగుడు తగ్గుటకు కారణము మావారు చెప్పిన యొక సంగతి. 1794లో బొంబాయినుండి స్కాట్ అను వైద్యుడు మన దేశపు ఉక్కును లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షునకు పంపెను. అచ్చటి జేమ్స్ స్టోడార్టు అను కత్తుల పనివాడు ఆ ఉక్కుతో క్షురకత్తులు చేసి, ఐరోపా ఉక్కు లన్నిటికంటె నిదియే మేలని తన దుకాణపు చీటీమీద అచ్చువేయించుకొనెను. పిమ్మట ఆయనయు, విద్యుచ్ఛాస్త్రమున పేరుగాంచిన మైకేల్ ఫారడేయు కలసి దాని మర్మమును శోధించిరి. ఆంగ్లేయులు దానికి పెట్టుకొన్న 'ఊట్జ్' అను పేరు మన ఉక్కు అను మాటకు వికారమేనట! మాకు పడమరగా నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున ఇట్టి ఉక్కును మట్టిమూసలలో కరగించి తీయుచుండిరి. పారసీక వర్తకులు వచ్చి నిలిచి, తూచి కొనిపోవుచుండిరి. ఈ మాట విన్న రాత్రి నేనే ఆ యర తెరచి యొక కత్తిని చేత పట్టుకొని చూచితిని.

మామగారును ఉపాధ్యాయులే. జన్నారము దాపున నొక పల్లెలో పనిచేయునప్పుడు అచ్చటి క్షురకునివద్ద కత్తి పట్టుట నేర్చుకొనిరట. నలువదియేండ్లు తన గడ్డమును ఇంకొకరి చేతి కప్పగింపలేదు. రెండేండ్ల క్రిందట ఆయన కుడిచేతికి వణుకు పట్టినది. వైద్యు లిచ్చిన మందుతో తగ్గెను గాని పోలేదు. ఒక ఉదయము చెవిక్రింద తెగి మెడమీదికి నెత్తురు కారగా ఆయన ఏమియు పలుకక కత్తి మడిచి, పాతగుడ్డలో చుట్టి, అటుకమీద పెట్టించిరి. గడ్డము పెరిగెను. దానితో గోదావరి గట్టునకు సాయంకాలపు నడక మానిరి, వచ్చినవారితో మాటాడుట తగ్గించిరి. స్టేషను దగ్గరి సెలూనుకు తీసికొని పోయెదమన్న, "సగం బ్లేడుతోని గీకించుకొనుడు నాకు వద్దు" అనిరి. ఆ సగము బ్లేడును తప్పుపట్టరాదు. ఒకే కత్తి పదిమందికి వాడినచో నెత్తురు ద్వారా రోగములంటును గనుక, మనిషి మనిషికి క్రొత్త బ్లేడు విరిచి పెట్టుట మంచిదే. ఈ మాట నేను చెప్పితిని, ఆయన వినలేదు.

వానకాలము గడచిన తరువాత మావారు అటుకమీది మూట విప్పగా అలుగంతయు తుప్పు. అంతకుముందే యొక సోలింగెన్ కత్తిని చక్రముమీద సానపట్టించి చెడగొట్టుకొనియున్నారు. వేడికి వాదర నీలివన్నె తిరిగినది; అట్లు తిరిగిన ఉక్కు మరల పదును నిలుపదు. ఈసారి సలహా నాది. ఇత్తడిచెంబులకు వలెనే చింతపండు పెట్టుమంటిని. పులుపు తుప్పును తిన్న మాట నిజమే, ఉక్కునుగూడ తిని నల్లని మచ్చ మిగిల్చినది. ఆ మచ్చ నేటికిని ఉన్నది, నాదే తప్పు. పిదప కొబ్బరినూనెయు, మిక్కిలి నున్నని గరుకుకాగితమును పట్టుకొని మూడాదివారములు తోమితిమి.

పదును పెట్టుట వేరొక విద్య. సానరాతిమీద అలుగును పూర్తిగా పరుండబెట్టవలెను. వెన్నును వాదరయు రెండును రాతికి తగులవలెను. వెన్ను మందమే కోణమును నిర్ణయించును గనుక చేతి యూహ కక్కడ పని లేదు. రాతిమీద వాదర ముందుగా నడచును. తోలుపట్టెమీద వెన్ను ముందుగా, వాదర వెనుకగా. కొసకు వచ్చినప్పుడు వెన్నుమీదనే త్రిప్పవలెను. మావారు నాకీ సూత్రములన్నియు చక్కగా బోధించి, తాము తొందరపడి తోలును రెండుచోట్ల కోసిరి. నేను కోయలేదు. నా జడలోని వెండ్రుక నొకదానిని వ్రేలాడదీసి వాదరకు తాకించినంతనే క్రింద పడినది.

ఉదయము ఇంట నుండునది నేను. కావున ఆ పని నాకు వచ్చినది. గాలిబుడగ కూది సబ్బు నురుగు పూసి, అది పగులకుండ గీచి నేర్చుకొంటిని. నాలుగు పగిలినవి, పిల్లలకు పండుగ. అత్తగారు మాత్రము, "కోడలు మామ గడ్డం గీసుడు ఎక్కడన్న ఉన్నదా?" యని లోపలికి పోయిరి. పదునైదేండ్ల కాపురమున నేను మామగారి యెదుట కూర్చుండి యెరుగను. ఇక ముఖము తాకుటయా! నాకును గుండె దడదడలాడెను. నేనేమనుకొందునో యని ఆయనయు, ఆయనేమనుకొందురో యని నేనును కొంతసేపు ఊరకుంటిమి. ఇంతలో అత్తగారు ఒక చెంబెడు వేడినీళ్ళు తెచ్చి నా ప్రక్క పెట్టి, మాటాడక మరల పోయిరి.

తడిగుడ్డ వేసి, నురుగు పూసి, ఎడమచేతితో చెంపను పైకి లాగి, వెండ్రుక పెరిగిన దిక్కుననే గీచితిని. గొంతుకడకు వచ్చినప్పుడు ఆయన కనులు మూసికొని తల వెనుకకు వాల్చిరి. కుడిచేయి తొడమీద వణకుచునే యున్నది. మెడ మాత్రము కదలలేదు. సన్నగా గీచిన చప్పుడు తప్ప ఇంట మరియొక సద్దు లేదు.

ముగిసిన పిమ్మట ఆయన ఎడమచేతితో చెంపలు, గొంతు తడవుకొని చూచి దవడక్రింద ఆగిరి.

"బిడ్డా, ఇక్కడ రెండు నిలిచినయి."

నేను మరల తోలుపట్టె తీసితిని.