బండి గట్టెక్కాలంటే...

చిలకలపూడి పేరు వినగానే ఎవరికైనా గుర్తొచ్చేది బంగారం. కాకపోతే అది బంగారం కాని బంగారం! రాగి మీదో ఇత్తడి మీదో పల్చటి పసిడి పూత వేసి, అసలు నగకి ఏమాత్రం తీసిపోని గొలుసులూ గాజులూ తయారుచేసే పనితనం ఈ ఊరిది. ‘చిలకలపూడి బంగారం’ అన్న మాట అలా పుట్టిందే. మచిలీపట్నాన్ని ఆనుకునే ఉన్న ఈ పేటలో పూత పని చేసేవాళ్లకి ఓ రహస్యం తెలుసు. నగ మెరుపు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది పైన వేసిన పూతని బట్టే కాదు, దానికి ముందు కింది లోహాన్ని ఎంత శుభ్రం చేశారన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. మురికి మీద వేసిన పూత నాలుగు రోజులకే పొరలుగా లేచిపోతుంది.

పాత మోటారుసైకిల్ కొనేవాళ్లకీ సరిగ్గా ఇదే సూత్రం. ఓ ఆదివారం పూట తారురోడ్డు దిగి, కాలవ గట్ల మీదుగా సముద్రం దాకా వెళ్లొద్దామని సరదాపడేవాళ్లు ముందు చూసేది సెకండ్‌హ్యాండ్ బండినే. ట్యాంకు మీద కొత్త రంగు, తళతళలాడే స్టిక్కర్లు చూసి మురిసిపోయారో... చిలకలపూడి బంగారాన్ని అసలు ధరకి కొన్నట్టే. ఎందుకంటే ఈ తీరంలో బండిని తినేసేది తిరిగిన కిలోమీటర్లు కాదు, ఉప్పు!

పడవలు లాగిన దారి

కృష్ణా డెల్టాలో మట్టిదారి అంటే కొండల్లో కనిపించే రాళ్లబాట కాదు. అరచేతిలా చదునైన నేల ఇది. చుట్టూ కనిపించే ఎత్తల్లా కాలవ గట్టే. 1850ల్లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టాక ఆ నీళ్లు బందరు దాకా, దివిసీమ దాకా పారాయి. కాలవల్లో నీళ్లతోపాటు పడవలూ నడిచాయి. గట్టు మీద నడుస్తూ మనుషులు తాళ్లతో పడవల్ని లాగేవారు. ఆ కాలిబాట మీదికే తర్వాత సైకిలు వచ్చింది, దాని వెనక మోపెడ్ వచ్చింది. ఇప్పుడు రొయ్యల చెరువుకి మేత మూట వెళ్లాలన్నా, పాల క్యాను సెంటర్‌కి చేరాలన్నా, రాత్రివేళ జ్వరంతో ఉన్న పిల్లాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా ఆ గట్టే దిక్కు, ఆ బండే ఆధారం.

డర్ట్ బైకు లక్షణాలున్న బళ్లు మన షోరూముల్లోకి కాస్త ఆలస్యంగా వచ్చాయి. 2011లో హీరో ఇంపల్స్ వచ్చింది, కొన్నేళ్లకే ఆగిపోయింది. 2019లో ఎక్స్‌పల్స్ 200 వచ్చింది. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18. నేలకీ బండి అడుగుకీ మధ్య 220 మిల్లీమీటర్ల ఖాళీ. రెండు చక్రాలకీ స్పోకులే. గతుకుల్లో అల్లాయ్ చక్రం పగిలితే అంతే సంగతులు, స్పోకు వదులైతే బిగించుకోవచ్చు. ఇలాంటి బండి దొరికితే మంచిదే. దొరక్కపోయినా దిగులక్కర్లేదు. సన్నటి గట్టు మీద బలం కన్నా తేలికతనమే ఎక్కువ అక్కరకొస్తుంది. పడితే ఒక్కడే లేపుకోగలిగిన బండే గట్టుకి తగిన బండి.

పైన కాదు... కింద చూడాలి

పాత బండిని చూడ్డానికి వెళ్తే ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడాలి. అప్పటికే వేడిగా ఉందంటే అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లారిన ఇంజిన్ ఎన్ని కిక్కులకి అందుకుంటుందో, మొదటి నిమిషంలో ఎలాంటి పొగ వదులుతుందో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. నాలుగు స్ట్రోకుల బండి ఆగకుండా నీలంపొగ వదులుతుంటే ఇంజిన్ ఆయిల్ మండిపోతోందని అర్థం. ఆయిల్ మూత తీసి చూస్తే లోపల పాలు కలిపిన టీ రంగు కనిపించిందా... ఇంజిన్లోకి నీళ్లు వెళ్లినట్టే.

‘అన్నా, ఒక్కసారి కింద పడుకుని చూస్తానే’ అని అడగడానికి మొహమాటపడకూడదు. సైలెన్సర్ ఇంజిన్‌కి కలిసేచోట, ట్యాంకు అడుగున, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ దగ్గర, స్పోకుల మొదళ్లలో తుప్పు దాక్కుంటుంది. రంగు కింద ఉబ్బు కనిపించినా, కొత్తగా వెల్డింగ్ చేసిన మచ్చ కనిపించినా అనుమానించాల్సిందే. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ని నెమ్మదిగా అటూ ఇటూ తిప్పాలి. మధ్యలో టక్కున ఆగినట్టనిపిస్తే కోన్ సెట్ అరిగింది. వెనక చక్రాన్ని పక్కలకి ఊపితే కదులుతోందంటే స్వింగ్ ఆర్మ్ బుష్‌లో చక్రం బేరింగులో పోయినట్టు. ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ని నాలుగుసార్లు కిందికి నొక్కితే ఫోర్కు గొట్టం మీద తడిగీత పడితే ఆయిల్ సీల్ మార్చాలి.

కాగితాల సంగతీ మర్చిపోకూడదు. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. ఉప్పుగాలికి నంబరు చెరిగిపోయిందని ఎవరైనా అంటే ఆ బండి జోలికి వెళ్లకపోవడమే క్షేమం. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేయించుకుని, బండిని వెంటనే తమ పేరు మీదికి మార్పించుకోవాలి.

విప్పు... కడుగు... పూయి

కొన్న బండిని ఆ రోజే గట్టెక్కించాలన్న తొందర పనికిరాదు. ముందో పూట దాన్ని విప్పి చూడాలి. పాత ఇంజిన్ ఆయిల్ తీసేసి కొత్తది పోయడం మొదటి పని. రెండోది ఎయిర్ ఫిల్టర్. స్పాంజి రకమైతే సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక ఫిల్టర్ ఆయిల్ పట్టించి బిగించాలి. కాగితం రకమైతే కడగడానికి వీల్లేదు, మార్చేయాలి. గట్టుమీది మెత్తటి ధూళి ఫిల్టర్ దాటి లోపలికి వెళ్లిందంటే పిస్టన్‌నీ సిలిండర్‌నీ గరుకు కాగితంలా అరగదీస్తుంది.

చైన్ దగ్గర చాలామంది చేసే తప్పొకటుంది. పారబోసే పాత ఇంజిన్ ఆయిల్‌ని బ్రష్‌తో దట్టంగా పూసేస్తారు. ఖర్చు లేదు, నల్లగా నిగనిగలాడుతుంది. కానీ తీరంలో ఆ జిడ్డుకి ఇసుక అంటుకుంటుంది. ఆయిల్లో కలిసిన ఇసుక సానరాయితో సమానం, చైన్‌నీ స్ప్రాకెట్‌నీ కలిపి తినేస్తుంది. కిరోసిన్‌తో, మెత్తటి బ్రష్‌తో చైన్ కడిగి, ఆరాక గేర్ ఆయిల్‌గానీ చైన్ స్ప్రేగానీ లింకుల మధ్యకి దిగేలా పట్టించి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా ఒక పక్కకి వంగితే చైన్, రెండు స్ప్రాకెట్లూ కలిపే మార్చాలి. కొత్త చైన్‌ని పాత పళ్ల మీద వేస్తే అదీ తొందరగా పోతుంది.

స్పోకుల బిగువు తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. చిన్న స్పానర్‌తో ఒక్కోదాన్నీ తట్టుకుంటూ వెళ్తే చాలు. బిగువుగా ఉన్నది ‘టింగు’మంటుంది. వదులైనది బొంగురుగా పలుకుతుంది. అలాంటివి వరసగా రెండు మూడు కనిపిస్తే చక్రాన్ని మెకానిక్‌కి చూపించి వంకర తీయించుకోవాలి.

ఇక వైర్లు. పూత పనివాళ్లకి చిలుము కొత్తకాదు. రాగికీ ఇత్తడికీ పట్టే ఆ పచ్చటి పొరే బండి వైర్ల కనెక్టర్లలోనూ చేరుతుంది. నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపటికి దానంతటదే స్టార్టయిందంటే సగంసార్లు నేరం దానిదే. ఒక్కో కనెక్టరూ ఊడదీసి, శుభ్రం చేసి, విద్యుత్ కనెక్షన్లకి వాడే గ్రీజు కొద్దిగా రాసి మళ్లీ బిగించాలి. క్లచ్ వైరు, బ్రేకు పెడలు, సైడ్ స్టాండు మడతలో కూడా కాస్త గ్రీజు ఉండాలి.

నల్లరేగడితో పందెం వద్దు

సిద్ధమైన బండిని పరీక్షించడానికి చిలకలపూడి నుంచి మంగినపూడి తీరం దాకా వెళ్లొస్తే సరిపోతుంది. దారిలో 1929లో భక్త నరసింహం కట్టించిన పాండురంగస్వామి గుడి. కార్తిక మాసంలో అక్కడ దర్శనం, మంగినపూడిలో సముద్రస్నానం భక్తులకి ఆనవాయితీ. అది కాని రోజుల్లో దారి ఖాళీగానే ఉంటుంది. తిరిగొచ్చాక నట్లన్నీ మరోసారి బిగించి చూడాలి. పాత బండికి కొత్తగా బిగించిన నట్లు మొదటి గతుకుల్లోనే వదులవుతాయి.

అసలు ప్రయాణం హంసలదీవికి. బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ చేరితే అక్కడ కృష్ణమ్మ రెండుగా చీలి దివిసీమని చేతుల్లోకి తీసుకుంటుంది. నదిపాయ మీదుగా కాలవ నీళ్లని దాటించే అక్విడెక్టు అక్కడే. అవనిగడ్డ, కోడూరు దాటాక వరిచేలు పల్చబడి రొయ్యల చెరువులు మొదలవుతాయి. గాలిలో ఉప్పు నాలుకకి తెలుస్తుంది.

ఈ నేలకి రెండు మొహాలు. ఎండాకాలంలో నల్లరేగడి నెర్రెలు విచ్చుకుంటుంది. పొడుగ్గా సాగిన నెర్రెలో ముందు చక్రం దిగిందంటే హ్యాండిల్ మాట వినదు. అందుకే నెర్రెని ఏటవాలుగా కాకుండా అడ్డంగా దాటాలి, ఫుట్‌రెస్టుల మీద కాస్త పైకి లేచి మోకాళ్లతో కుదుపుని మింగాలి. వానపడితే కథ మారిపోతుంది. అదే మట్టి బంకలా మారి టైరుకి చుట్టుకుంటుంది. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య దూరి, పది గజాలు వెళ్లేసరికి చక్రాన్ని కట్టేస్తుంది. ఎంత ఖరీదైన బండికైనా, ఎంత మొనదేలిన టైరుకైనా ఇదే గతి. మడ్‌గార్డు ఎత్తుగా ఉన్న బండి ఇంకో పది గజాలు వెళ్తుంది, అంతే తేడా!

ఇసుకలో టైరు గాలి కాస్త తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. మరీ తగ్గిస్తే గతుకులో ట్యూబు నలిగి చిరుగుతుంది. మళ్లీ తారురోడ్డెక్కే ముందు గాలి నింపుకోవాలి. అందుకే చేతిపంపు, ట్యూబు, ప్యాచీలు, క్లచ్ వైరు, స్పార్క్ ప్లగ్గు, చైన్ లాకు, నాలుగు స్పానర్లు సంచిలో ఉండాలి. హెల్మెట్, బూట్లు, చేతితొడుగులు చెప్పక్కర్లేదు. నీళ్లు దాటుతుండగా బండి ఆగిపోతే వెంటనే సెల్ఫ్ కొట్టకూడదు. ఒడ్డుకి లాగి, ప్లగ్గు విప్పి, కిక్ కొట్టి సిలిండర్‌లో నీళ్లు బయటికి పంపాకే ఇంజిన్ జోలికి వెళ్లాలి.

ఆ మట్టికట్టే ప్రాణం

1977 నవంబరు 19... దివిసీమలో ఈ తేదీ చెప్పగానే పెద్దవాళ్లు ఓ క్షణం మాట ఆపుతారు. ఆ రోజు ఉప్పెన సొర్లగొంది లాంటి తీరగ్రామాల్ని తుడిచిపెట్టేసింది. తుపానుకి వేలమంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాతే తీరం వెంట సముద్ర కరకట్ట మీద శ్రద్ధ పెరిగింది. బయటినుంచి వచ్చినవాళ్లకి అది బండి తోలుకోవడానికి ఎత్తైన మట్టిబాట. దాని వెనక ఇళ్లున్నవాళ్లకి అది గోడ.

తడిసిన కట్ట మీద బళ్లు వెళ్తే గాడి పడుతుంది. ఆ గాడిలో వాననీళ్లు నిలిచి, ఓ పక్కకి దారి చేసుకుని, కట్టని కోసుకుంటూ కిందికి జారతాయి. అంచు ఎక్కి దిగే సరదా విన్యాసాలు పచ్చికని పీకేస్తాయి, పచ్చిక లేని వాలు మొదటి జడివానకే కరుగుతుంది. ఒక్క బండి వల్ల కట్ట తెగదు. కానీ ప్రతి ఒక్కరూ తనది ఒక్క బండే అనుకుంటారు! అందుకే వాన పడిన రెండు మూడు రోజులు గట్టు ఎక్కకపోవడం, ఆరాక కూడా నడిమధ్య నుంచే నెమ్మదిగా వెళ్లడం ఈ దారిలో మర్యాద. పశువులకీ, గడ్డిమోపుతో ఎదురొచ్చే మనిషికీ బండి ఆపి దారివ్వడం కూడా అందులో భాగమే.

చివరి అడుగులు నడకే

హంసలదీవిలో వేణుగోపాలస్వామిని దర్శించుకుని పాలకాయతిప్ప వైపు వెళ్తే సముద్రం వినిపిస్తుంది. బండిని రోడ్డు చివరే వదిలేయడం మంచిది. ఈ తీరపు మడ అడవులు కృష్ణా అభయారణ్యంలో భాగం, బావురుపిల్లి ఆవాసం. అటవీశాఖ అనుమతి లేకుండా అందులోకి బండి తీసుకెళ్లకూడదు. చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ ఇసుకలోనే గుడ్లు పెడతాయి. చక్రం కింద నలిగిన గూడు పైకి కనిపించదు కూడా.

ఇంటికి చేరాక పడుకునే ముందు ఇంకో పని మిగిలే ఉంటుంది. ఉప్పు గాలిలో తేమని పీల్చుకుని రాత్రంతా ఇనుముని తింటూనే ఉంటుంది. తెల్లారాక కడుగుదామంటే ఒక రాత్రి దానికి ఇచ్చేసినట్టే. ఇంజిన్ చల్లారాక బకెట్లతో మంచినీళ్లు పోసి అడుగు, చైన్, స్పోకులు కడగాలి. పైపు ధారని బేరింగుల మీదికి నేరుగా కొట్టకూడదు. తుడిచాక ఒక్క నిమిషం ఇంజిన్ తిప్పి, చైన్‌కి మళ్లీ ఆయిల్ పట్టించాలి. ఆ కడుగుడు మాత్రం కాలవలో కాదు, ఇంటి దగ్గరే! కాలవ చివర, శివారు ఊళ్ల మంచినీళ్ల చెరువులు నిండేది ఆ నీటితోనే.

పూత వేసే ముందు లోహాన్ని శుభ్రం చేస్తారు చిలకలపూడిలో. దారి నుంచి వచ్చాక బండిని శుభ్రం చేసేవాళ్ల బండే ఇక్కడ పదేళ్లు మన్నుతుంది. దాని మీద మెరుపు ఉండకపోవచ్చు. కానీ కిక్ కొడితే పలుకుతుంది.